ఒక్క పూట

పేరు మీద గీత కొట్టేటప్పుడు చెయ్యి ఆగుతుందేమో అనుకుంది శ్రీలత. ఆగలేదు. పెన్ను 'శ్వేత' మీదుగా నున్నగా పోయింది. పక్కన 'సిద్దార్థ' అని రాసి కాగితాన్ని శైలేందర్ ముందుకు జరిపింది.

"గిప్పుడు మంచిగుంది మేడం," అన్నాడతను. కామారెడ్డి నుంచి వానలో బండి మీద వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. జిల్లాలో సంస్థ నడిపే బాలల కేంద్రాలన్నిటికీ అతనే కోఆర్డినేటరు. శ్రీలత ఆరేళ్లుగా ఎల్లారెడ్డి కేంద్రం టీచరు. ఎరువుల దుకాణం వెనక గదిలో రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఇరవై రెండు మంది పిల్లల్ని కూర్చోబెడుతుంది. ముందు హోంవర్కు, తర్వాత ఆటలు, చివరి అరగంట 'మంచి మనసు' పాఠం. పక్కవాడు ఏడుస్తుంటే ఏం చేయాలి, ముసలివాళ్లతో ఎట్లా మాట్లాడాలి, తనకున్నది ఎదుటివాళ్లకు ఎట్లా ఇవ్వాలి, ఇవన్నీ కథలుగా చెప్పాలి. పిల్లలు తాము చేసిన సాయాన్ని ఏ రోజుకారోజు ఒక పుస్తకంలో రాసుకోవాలి.

శనివారం కామారెడ్డిలో పెద్ద సభ. కేంద్రానికి ఒకరు చొప్పున స్టేజీ ఎక్కి తాము ఎవరికి ఏం చేశారో చెప్పాలి. హైదరాబాదు నుంచి సంస్థ పెద్దమేడం వస్తుంది. శ్రీలత ముందే ఆలోచించి శ్వేత పేరు రాసి పెట్టుకుంది.

"హాజరు చూడుండ్రి," అన్నాడు శైలేందర్ రిజిస్టరు తిప్పుతూ. "సగం రోజులు కూడ లేదు. వచ్చిన రోజు గూడ ఆరు కొట్టినంకనే వస్తది. పుస్తకం చూస్తే తెల్లగుంది."

అది నిజమే. మిగతా పిల్లల పుస్తకాలు నిండిపోయాయి. 'ఇయాల కుక్కపిల్లకు బిస్కెట్ పెట్టిన', 'అమ్మకు రిమోట్ ఇచ్చిన' అని ఒక్కొక్కరూ పేజీలకు పేజీలు రాశారు. శ్వేత పుస్తకంలో ఆమె పేరు, ఏడో తరగతి అన్న మాట తప్ప ఏమీ లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "ఏం రాయాలె టీచర్?" అని ఎదురడిగింది.

"ఆ పిల్ల ఎందుకు ఆలస్యమొస్తదో మీకు తెల్సు గద సార్. వాళ్ల వాడకట్టుల భూదవ్వ అని ఉంది. పక్షవాతమొచ్చి కుడి దిక్కు మొత్తం పడిపోయింది. వెనకాముందు ఎవలు లేరు. మధ్యాహ్నం, పొద్దుమీకి, ఆమెకు బువ్వ పెట్టేది ఈ పిల్లనే. చుట్టం గూడ కాదు."

"మీరే చెప్పిండ్రు గద పోయిన నెల. మస్తు మంచి ముచ్చట. గా ముచ్చటనే సిద్దార్థతోని చెప్పియ్యుండ్రి."

శ్రీలత అతని ముఖంలోకి చూసింది. అతను మామూలుగానే ఉన్నాడు, తడిసిన సాక్సులు పిండుకుంటున్నాడు.

"ఎవలు చేసిండ్రన్నది కాదు మేడం, మన సెంటర్ల జరిగింది. ఆ పిల్లను స్టేజీ ఎక్కిస్తే నోరు పెగలదు. ఈ పిలగాడు గడగడ మాట్లాడుతడు. ఇంకోటి, సీతారామన్న గీ రూము కిరాయి లేకుండ ఊకెనే ఇచ్చిండు. ఆయన కొడుకును ఒక్కపారన్న ముందట నిలబెట్టకపోతే ఎట్లుంటది చెప్పుండ్రి."

రెండేళ్ల కింద అయితే శ్రీలత గట్టిగానే మాట్లాడేది. ఇప్పుడు నడుము నొస్తోంది. పగలంతా ఇంట్లో కుట్టుమిషను తొక్కి వస్తుంది. శ్రావణమాసం కావడంతో జాకెట్లు కుప్పలు పడి ఉన్నాయి. ఎదురు మాట్లాడితే ఎంతసేపు మాట్లాడాలో, ఆ తర్వాత ఏమవుతుందో తలుచుకునే సరికే అలసట వచ్చింది. "సరే సార్," అంది.

"మీరే రాసియ్యుండ్రి, మూడు నిమిషాలది. వివరాలు ఉండాలె, వింటుంటే కండ్లల్ల నీళ్లు రావాలె."

* * *

వివరాల కోసం బుధవారం మధ్యాహ్నం భూదవ్వ ఇంటికి పోయింది శ్రీలత. నెల రోజులుగా ఆ ముచ్చట పదిమందికి చెప్పింది గాని ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదలు.

ఒక్క అర్ర ఇల్లు. గడప దాటగానే మందు నూనె వాసన, దాని కింద మూత్రం వాసన. నులకమంచం గోడకు ఆనించి ఉంది. భూదవ్వ వీపు వెనక పాత బొంత చుట్ట పెట్టి, ఆమెను సగం కూర్చోబెట్టి ఉన్నారు. కుడిచెయ్యి ఒడిలో వేరేవాళ్లదాని లెక్క పడి ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి జారుతూ ఏదో చుడుతున్నాయి. నలభై ఏళ్లు బీడీలు చేసిన వేళ్లు.

శ్వేత బడి డ్రెస్సులోనే ఉంది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఉరికి వచ్చినట్టుంది, ఇంకా ఎగపోస్తోంది. టీచర్‌ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. "కూసోండ్రి టీచర్. అవ్వ బువ్వ తినేటప్పుడు మాట్లాడొద్దు, సరం పోయి పొలమారుతది."

అన్నంలో పప్పు పోసి వేళ్లతో మెత్తగా పిసికింది. గోటితో ఒక్కో పలుకు నలిపి చూసుకుంది. ఉసిరికాయంత ముద్ద చేసి ఎడమ దవడ దిక్కు పెట్టింది. భూదవ్వ గడ్డాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం కిందికి వంచింది. ఆగింది. ముసలామె గొంతు మీద ముడత పైకి లేచి దిగేదాకా కండ్లు తిప్పకుండా చూసింది. దిగినాక కూడా వెంటనే రెండో ముద్ద పెట్టలేదు. చూపుడువేలు నోట్లోకి పోనిచ్చి కుడి బుగ్గ లోపల నిలిచిన మెతుకుల్ని బయటికి తీసింది, కొంగుకు బదులు తన చున్నీ అంచుతో మూతి తుడిచింది.

"ఆ బుగ్గకు తెలివి లేదు టీచర్. బువ్వ ఆడ ఆగుతది. ఆమెకు తెల్వది. తియ్యకపోతే పండుకున్నంక గొంతుల వడతది."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"దవాఖానల నర్సమ్మ చూపెట్టింది. నీళ్లు గూడ గ్లాసతోని పొయ్యొద్దు. జావ చేసి చెంచతోని పొయ్యాలె."

శ్రీలత చిన్న నోటుబుక్కులో రాసుకుంది. జావ, చెంచా, బుగ్గ. పదిహేను ముద్దలకు ముప్పావు గంట పట్టింది. శ్వేత తాను తినలేదు. బడిలో పెట్టే అన్నం అప్పటికి అయిపోయి ఉంటుంది. గిన్నె కడిగి బోర్లించి, భూదవ్వ చెవి దగ్గర, "పొద్దుమీకి వస్త," అని చెప్పి మళ్లీ ఉరికింది.

శ్రీలత లేచి బయటికి వస్తుంటే శ్వేత తల్లి గంగమణి ఎదురైంది. నాటు వేసి వస్తోంది, కాళ్లకు పిక్కల దాకా బురద. ఆ రోజు సగం పూటకే మడి అయిపోయిందట.

"నేనే మీ తాన్కి వద్దామనుకుంటున్న టీచరమ్మా," అంది. "పిల్లకు గురుకులంల సీటొచ్చింది. జుక్కల్ దిక్కు. మిగిలిపోయిన సీట్లల్ల పేరొచ్చిందట. సోమవారం పోయి చేరకపోతే ఇంకొకలకు ఇస్తరు. ఇది పోనంటది."

"ఎందుకు?"

గంగమణి తలతో లోపలికి సైగ చేసింది. "పొద్దున నేను పెడుత, మాపటికి ఎంత ఆలస్యమైనా నేను పెడుత అన్న. పగటి పూట నేను మడిల ఉంట. గా ఒక్క పూట ఎవలు పెడుతరు అంటది. ఏమని చెప్పాలె దానికి?" బురద కాలు గడప రాయికి రాసుకుంది. "మీ దగ్గర మస్తుమంది పిలగాండ్లున్నరు గద. మీరు చెప్పేటియి గూడ గీ ముచ్చట్లేనట. ఒక్కలను పంపుండ్రి టీచరమ్మా. నా బిడ్డ చదువుకుంటది."

నోటుబుక్కు శ్రీలత చేతిలోనే ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుంది. "చూస్త గంగమణి," అంది.

* * *

గురువారం సాయంత్రం పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి అడిగింది. రోజూ మధ్యాహ్నం ఒక్క గంట భూదవ్వకు అన్నం పెట్టడానికి ఎవరు పోతారని.

ఎప్పుడు ఏది అడిగినా ముందు చేతులు లేపే పిల్లలు. ఇప్పుడు చాప పోగులు పీకుతూ కూర్చున్నారు. "మా మమ్మీ తిడతది టీచర్," అని ఒకరన్నారు. "ఆ ఇంట్ల వాసనొస్తది," అని ఇంకొకరు. కుక్కపిల్లకు బిస్కెట్ పెట్టిన పిల్లవాడు, "ఆదివారం ఒక్కరోజైతే పోత," అన్నాడు. శ్రీలతకు వాళ్ల మీద కోపం రాలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తాను ఆరేళ్లు చెప్పిన పాఠం ఎంత దాకా పోయి ఆగిందో కనబడింది, అంతే.

పిల్లలు ఆటలకు లేచినాక సిద్దార్థతో ప్రసంగం చెప్పించింది. ఎనిమిదో తరగతి పిల్లవాడు, చక్కటి గొంతు. రాసిచ్చిన కాగితం ఒక్క రాత్రిలో నోటికి పట్టేశాడు.

"మా వాడకట్టులో భూదవ్వ అనే అవ్వ ఉంది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. నేను రోజూ బడి నుంచి పరుగెత్తుకుంటూ పోయి ఆమెకు అన్నం తినిపిస్తాను. ఆమె ఎడమ బుగ్గలో అన్నం నిలిచిపోతుంది. నేను నా వేలితో..."

"ఎడమ కాదు, కుడి."

అందరూ తిరిగి చూశారు. గుమ్మం దగ్గర శ్వేత నిలబడి ఉంది, చెప్పులు విడుస్తూ. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

శ్వేత లోపలికి వచ్చి సిద్దార్థ ముందు నిలబడింది. "కుడి బుగ్గల ఆగుతది. ఎడమ దిక్కు ముద్ద పెట్టాలె. ఎడమ దిక్కు మంచిగనే నములుతది." తన బుగ్గ మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత శ్రీలత వైపు తిరిగింది. పిల్ల ముఖంలో కోపం లేదు. నాలుగు రోజులుగా మోస్తున్న బరువు ఎవరో అందుకున్నట్టు తేలిగ్గా ఉంది.

"సిద్దార్థనా టీచర్, సోమవారం నుంచి పెట్టేది? అమ్మ చెప్పింది, మీరు ఒక్కలను పంపుత అన్నరని."

సిద్దార్థ టీచర్ వైపు చూశాడు. టీచర్ గోడ వైపు చూసింది. అవునంటే ఒక అబద్ధం. కాదంటే ఈ పిల్ల గురుకులానికి పోదు.

"ఆఁ," అంది శ్రీలత.

"అయితే నేను గురుకులం పోత టీచర్," అని శ్వేత విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది. "అమ్మకు చెప్పొస్త. ఆదివారం పగటికి రా సిద్దార్థ, ఎట్ల పెట్టాల్నో చూపెడుత."

ఆ రోజు రిజిస్టరులో శ్వేత గడిలో హాజరు వేయాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి, వేసింది శ్రీలత.

* * *

శనివారం పొద్దున్నే సిద్దార్థనూ అతని తండ్రి సీతారాంనూ తీసుకుని బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా పిల్లవాడు పెదవులు కదుపుతూనే ఉన్నాడు. కామారెడ్డిలో ఫంక్షన్ హాలు నిండా పిల్లలు, స్టేజీ మీద పూల కుండీలు, వెనక పెద్ద ఫ్లెక్సీ.

సిద్దార్థ వంతు ఏడోది. ఎక్కడా తడబడలేదు. కుడి బుగ్గ అనే చెప్పాడు. 'నేను నా వేలితో మెతుకులు తీస్తాను' అన్నచోట తన చూపుడువేలు లేపి చూపించాడు, అది కాగితంలో లేదు. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు కండ్లకు ఒత్తుకున్నారు. పెద్దమేడం కుర్చీలోంచి లేచి వచ్చి పిల్లవాణ్ని దగ్గరికి తీసుకుంది. అరవై ఏళ్లుంటాయి, సాదా నేత చీర, మెత్తటి మాట.

"నీకు ఇదంతా ఎవరు నేర్పారు నాన్నా?"

"మా శ్రీలత టీచర్."

ఆమెను స్టేజీ మీదికి పిలిచారు. శాలువా కప్పారు. కొత్త శాలువా అంచు మెడకు గుచ్చుకుంది. పెద్దమేడం ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఇంత చిన్న పిల్లవాడికి ఇంత ఓపిక ఎట్లా నేర్పారమ్మా?" అని అడిగింది. మైకు శ్రీలత మూతి ముందుకు వచ్చింది.

చెప్పాలనుకుంటే అప్పుడు చెప్పొచ్చు. కింద సీతారాం ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. స్టేజీ మెట్ల దగ్గర శైలేందర్ నవ్వుతూ తల ఊపుతున్నాడు. శ్రీలత తల దించుకుంది. "నేనేం నేర్పలేదండి," అంది. అది నిజమే. హాలంతా దాన్ని వినయం అనుకుని చప్పట్లు కొట్టింది. పెద్దమేడం తన కార్డు చేతిలో పెట్టి, ఎప్పుడైనా ఫోన్ చేయమంది.

తిరుగు బస్సులో సీతారాం కిటికీ పక్కన కూర్చుని వీడియో అందరికీ పంపుకుంటున్నాడు. సిద్దార్థ షీల్డును ఒడిలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"టీచర్, ఎల్లుండి నుంచి నేను నిజంగనే పోవాల్నా?"

ఆమె జవాబు చెప్పేలోపే తండ్రి అందుకున్నాడు. "యాడికి? పగటిపూట బువ్వ తిని చదువుకోవద్దా? పోగ్రాం అయిపోయింది గద." శ్రీలత వైపు చూసి మర్యాదగానే అన్నాడు. "పిలగాండ్లతోని గసొంటి పనులు ఎందుకమ్మా. ఏమన్న రోగం అంటుకుంటే ఎట్ల?"

పిల్లవాడు ముందుకు తిరిగిపోయాడు. వాడి మెడ వెనక భాగం ఎర్రబడడం శ్రీలత చూసింది. వాడు వద్దనుకున్నాడో, పోదామనుకున్నాడో ఆమెకు తెలియలేదు. వాణ్ని అడగలేదు కూడా. ఎల్లారెడ్డి బస్టాండులో దిగేటప్పుడు శాలువాను మడిచి సంచిలో కిందికి దోపింది.

* * *

ఆదివారం మధ్యాహ్నం ఆమె పోయేసరికి శ్వేత గడపలో నిలబడి సందు చివరికి చూస్తోంది. తలంటుకుంది. వాకిట్లో కొత్త ఇనుప పెట్టె, దాని మీద ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టులో దుప్పటి. తెల్లారి మొదటి బస్సుకు ప్రయాణం.

"సిద్దార్థ రాలె టీచర్. బువ్వ చల్లగైతుంది."

శ్రీలత చెప్పులు విడిచి లోపలికి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. సూటిగా చెప్పేయాలనే ఇంటి దగ్గర బయల్దేరింది.

"వాడు రాడు శ్వేతా."

"ఇయాల రాడా?"

"ఎప్పటికి రాడు."

శ్వేత గిన్నెను నేల మీద పెట్టింది. "అయితే నేను పోను," అంది. గొంతు పెంచలేదు. బయట ఉన్న పెట్టె సంగతి, ఫీజు లేకుండా వచ్చిన సీటు సంగతి ఆ పిల్లకు తెలియనివి కావు.

"నేనొస్త," అంది శ్రీలత.

శ్వేత తల ఎత్తి ఆమెను చూసింది. పిల్లలు టీచర్‌ను చూసే చూపు కాదది. బజారులో కూరగాయ తిప్పి చూసే ఆడమనిషి చూపులా ఉంది.

"మీకు జాకెట్లుంటయి గద టీచర్."

"ఉంటయి."

"రోజు రావాలె. పన్నెండున్నరకు. జెర లేటైతే తలుపు దిక్కు చూసుకుంట ఏడుస్తది."

"వస్త. నాకు చూపెట్టు."

శ్వేత ఇంకా నమ్మలేదు. అయినా గిన్నె ఆమె ముందుకు తోసింది. శ్రీలత అన్నం కలిపింది. తన కొడుక్కి చిన్నప్పుడు కలిపిన తర్వాత ఇంకొకరికోసం అట్లా పిసకడం అదే. ముద్ద చేసి భూదవ్వ నోటి దగ్గర పెట్టింది. ముసలామె పెదాలు బిగించింది.

"పెద్దగైంది టీచర్," అని శ్వేత ఆమె మణికట్టు పట్టుకుంది. ముద్దలో సగం తీసేయించింది. ఆ చిన్న చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. "గడ్డం గట్టిగ పట్టొద్దు. ఊకె ఆనియ్యాలె. ఆఁ. ఇగ ఆగుండ్రి. గొంతు చూడుండ్రి, నోరు కాదు." బుగ్గలో వేలు పెట్టాల్సి వచ్చినప్పుడు శ్రీలత ముఖం పక్కకు తిప్పుకుంది. శ్వేత అది గమనించి, "మొదట్ల నాకు గూడ గట్లనే అయ్యింది," అంది.

అన్నం అయిపోయినాక చేతులు కడుక్కుంటూ శ్రీలత అంది, "నిన్న సిద్దార్థ కామారెడ్డిల చెప్పింది నువ్వు చేసిన పనే. నువ్వే పోవాల్సింది. నీ పేరు మొదట రాసిన, మళ్ల నేనే కొట్టేసిన. కాగితం గూడ నేనే రాసిచ్చిన."

చెంబులోని నీళ్లు చేతుల మీదుగా కారిపోతున్నాయి. శ్వేత భూదవ్వ మూతి తుడుస్తూ ఆగింది.

"నేనెప్పుడు కామారెడ్డి చూడలె టీచర్," అంది.

మూతి తుడవడం పూర్తిచేసి, బొంత సర్ది, భూదవ్వ పడిపోయిన చేతిని తన రెండు చేతులతో ఎత్తి సరిగ్గా పెట్టింది. ముసలామె ఎడమచెయ్యి వచ్చి పిల్ల చున్నీ అంచు పట్టుకుంది. ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకోవడానికి శ్వేతకు చాలాసేపు పట్టింది.

* * *

సోమవారం పన్నెండున్నరకు శ్రీలత వెళ్లింది. భూదవ్వ తలుపు వైపే చూస్తోంది. ఆమెను చూసి, "పిల్ల?" అంది. మాట ముద్దగా వచ్చింది.

"బడికి పోయింది అవ్వా. దూరం బడి."

నాలుగో ముద్ద దగ్గర ఫోన్ మోగింది. కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేత్తో తీసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. శైలేందర్.

"మేడం, పెద్దమేడంకు మన ముచ్చట బగ్గ నచ్చింది. గురువారం వీడియో తీసెటోల్లు వస్తరు. అవ్వ ఇంట్లనే, సిద్దార్థ బువ్వ పెట్టుకుంట ఉండాలె. అవ్వకు మంచి చీర గిట్ట కట్టియ్యుండ్రి."

భూదవ్వ గొంతు ఇంకా కదల్లేదు. శ్రీలత దాన్నే చూస్తూ ఉంది. కదిలింది.

"అది సిద్దార్థ చేసింది కాదు సార్. పిల్ల పేరు శ్వేత. పెద్దమేడంకు నేనే చెప్త."

అటువైపు బండ్ల చప్పుడు మధ్య శైలేందర్ గొంతు తగ్గించాడు. "మేడం, మంచిగ ఆలోచన చెయ్యుండ్రి. రూము పోతది. మీ ఉద్యోగం సంగతి గూడ నేనేం చెప్పలేను. నాకు గూడ పిల్లలున్నరు, నా మాట ఏమైతది?"

"మీ పేరు చెప్పను. కాగితం రాసింది నేను."

"ఎందుకు మేడం గిదంత ఇప్పుడు?"

భుజం నొస్తోంది. "బువ్వ పెడుతున్న సార్, మళ్ల మాట్లాడుత," అని ఫోన్‌ను జారనిచ్చింది. అది మంచం మీద పడింది. అతను రెండు మూడు సార్లు 'హలో' అని పెట్టేశాడు.

మంగళవారం పొద్దున కార్డు మీది నంబరుకు చేసింది. మిషను ముందు కూర్చునే, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పెద్దమేడం అంతా విని, "అక్కడ స్టేజీ మీదే చెప్పి ఉండాల్సిందమ్మా," అంది. "అవునండి," అంది శ్రీలత. "ఆ పిల్లవాడు కూడా చిన్నవాడే కదా, వాడి చేత ఇట్లా చెప్పించారు," అందామె. దానికి కూడా "అవునండి" అంది. ఆలోచించి కబురు చేస్తామని ఫోన్ పెట్టేసింది పెద్దమేడం. గొంతులో సభనాటి మెత్తదనం లేదు.

బుధవారం సాయంత్రానికి ఎరువుల దుకాణం వెనక గదికి కొత్త తాళం పడింది. సీతారాం కోపం చేయలేదు. "యూరియా లోడు వస్తది చెల్లె, జాగ సరిపోతలేదు," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. పిల్లల చాపలు, రిజిస్టర్లు, రెండు క్యారమ్ బోర్డులు బయట అరుగు మీద పెట్టి ఉన్నాయి. వాటిని రెండు దఫాలుగా ఇంటికి మోసింది. ఆ సాయంత్రం ఆమె ఇంటి రేకుల కిందికి తొమ్మిది మంది వచ్చారు. సిద్దార్థ రాలేదు. హోంవర్కు చేయించింది. చివరి అరగంటకు ఏం చెప్పాలో తోచలేదు. ఆడుకోమని పంపేసి, అరిగిపోయిన సూది మార్చుకుని మిషను ముందు కూర్చుంది.

గురువారం వీడియోవాళ్లు రాలేదు. వాన మాత్రం పొద్దటి నుంచి పడుతూనే ఉంది. పట్టుజాకెట్టు చేతులు సగం అతికినవి అట్లాగే వదిలి, గొడుగు తీసుకుని శ్రీలత బయల్దేరింది. సందులో నీళ్లు పాదాలు మునిగేంత ఉన్నాయి. లోపలికి పోగానే చూసింది, పైకప్పు నుంచి మంచం కాలి దగ్గర చినుకులు పడుతున్నాయి. మంచాన్ని ఒక్కతే పక్కకు గుంజింది. నడుము పట్టేసింది. కాసేపు గోడ పట్టుకుని నిలబడి, తర్వాత గిన్నె ముందు కూర్చుంది.

మొదటి మూడు ముద్దలకు భూదవ్వ తల తిప్పుకుంది. నాలుగోది తీసుకుంది. ఆ రోజు 'పిల్ల?' అని అడగలేదు. నమిలింది, మింగింది, బుగ్గలోకి వేలు వస్తే అడ్డం చెప్పలేదు. తొమ్మిదో ముద్ద మింగినాక శ్రీలత ముఖంలోకి చూసింది. పొడుగ్గా, ఎప్పుడూ చూడనట్టు చూసింది. వంకరపోయిన మూతిలోంచి మాటను ఒక్కో ముక్కే తోసింది.

"రేపు... ఎవలొస్తరు?"

"నేనే వస్త అవ్వా."

భూదవ్వ తలుపు వైపు చూసింది. బయట వాన తప్ప ఏమీ లేదు.

"అందరు గట్లనే అంటరు," అంది. అని, నోరు తెరిచింది.